మా అమ్మ చెప్పి రాయించిన ఐదు చుక్కలు

ఏడాది పాటు పడ్డ కష్టాన్ని ఇరవై నిమిషాల్లో, అదీ ఆదివారం పూట, అదీ చర్చిలో కూర్చుని, అదీ మనల్ని ప్రాణంగా చూసుకునే మనుషుల చేతులతోనే నేలమట్టం చేయించుకోవడం ఎలాగో నేర్చుకోవాలని ఎవరికైనా సరదా ఉంటే ఇలా వచ్చి కూర్చోండి. ఈ విద్యలో తెనాలి మొత్తం మీద నన్ను మించిన పండితుడు లేడు. చివర్లో ఏదో అద్భుతం జరిగి అంతా సర్దుకుంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. నేనూ అలాగే పెట్టుకున్నాను.

నా పేరు సుధీర్. అప్పట్లో బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. పాఠాలంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్ళడం, అరవై మంది పిల్లల చేత ఒకటి నుంచి వంద దాకా ప్రధాన సంఖ్యలు వెతికే ప్రోగ్రాం రాయించడం, సాయంత్రం మళ్ళీ రైలెక్కి తెనాలి రావడం. ఆరేళ్ళు అదే పని. ఏటా పిల్లలు మారేవాళ్ళు గానీ ప్రధాన సంఖ్యలు మారేవి కావు. ఏడో ఏడు వచ్చేసరికి పదిహేడు, పంతొమ్మిది అన్న మాటలు చెవిన పడితేనే క్లాసు వదిలి పారిపోవాలనిపించేది.

ఈ బాధకు విరుగుడు నాకు రేపల్లె బండిలో దొరికింది. రేపల్లెలో మా పెద్దమ్మ ఉంటుంది, మా అమ్మకు సొంత అక్క. నెలకోసారైనా వెళ్ళి కనిపించకపోతే ఊరుకోదు. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఎక్కినవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. బండి ఇంకా పూర్తిగా ఆగకముందే ప్లాట్‌ఫారం మీది జనం కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్ళు, గొడుగులు లోపలికి విసురుతారు. ఎవరి వస్తువు ఏ సీటు మీద పడితే ఆ సీటు వాళ్ళది. ఈ చట్టం ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అయినా దాన్ని కాదన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఒకరోజు నా కర్చీఫూ ఇంకొకాయన తువ్వాలూ ఒకే సీటు మీద ఒకేసారి పడ్డాయి. మేమిద్దరం రేపల్లె దాకా నిలబడి వాదించుకుంటూ ఉంటే ఆ సీట్లో మూడో ఆయన కూర్చుని సుఖంగా వెళ్ళాడు. దిగేటప్పుడు నాకు తట్టింది, ఇది ఫోన్లో ఆడే ఆటగా చేస్తే ఎలా ఉంటుందని.

అలా పుట్టింది ‘సీటు నాది’. ఒకాయన తెనాలిలో, ఇంకొకాయన చీరాలలో కూర్చుని ఒకే బండిలో ఒకే సీటు కోసం పోటీ పడొచ్చు. తెర మీద వేలితో ఒక్క తోపు తోస్తే కర్చీఫు ఎగిరి కిటికీ ఊచల మధ్య నుంచి లోపలికి వెళ్ళాలి. కర్చీఫు తేలిక, గాలికి పక్కకు పోతుంది. తువ్వాలు బరువు, ఊచలకు చిక్కుకుంటుంది. గొడుగు నేరుగా వెళ్తుంది గానీ లోపలి ముసలాయనకు తగిలిందా, ఆట అక్కడితో ఆఖరు. ఇంత మంచి ఆలోచన ప్రపంచంలో ఇంకెవరికీ రానందుకు నాకు వాళ్ళ మీద జాలి కూడా కలిగింది. అప్పటి నా పరిస్థితి అది.

ఇక మా అమ్మను ఒప్పించాలి. మా అమ్మ పేరు సుగుణ. ఊళ్ళో అందరికీ సుగుణ టీచరు. ముప్ఫై నాలుగేళ్ళు స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయింది. మా చర్చిలో యాభై లోపు పెద్దవాళ్ళలో ఆవిడ దగ్గర చదువుకోనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా ప్రిన్సిపాల్ కూడా ఆవిడ శిష్యుడే. నేను ఉద్యోగం మానేస్తానంటే రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే బాపట్ల వెళ్ళి, ప్రిన్సిపాల్‌ను ఆయన గదిలోనే నిలబెట్టి మాట్లాడి, నాకు ఏడాది సెలవు ఇప్పించుకుని వచ్చింది.

“సంవత్సరం,” అంది చెప్పులు విప్పుతూ. “ఒక్కరోజు కూడా ఎక్కువ లేదు. కాలేజీ మళ్ళీ తెరిచే రోజుకి నీ ఆట ఆ స్టోర్లో ఉండాలి. ఉంటే నీ రాజీనామా నేనే పట్టుకెళ్ళి ఇచ్చొస్తా. లేకపోతే మారుమాట్లాడకుండా బాపట్ల బండి ఎక్కాలి.”

“ఉంటుందమ్మా,” అన్నాను. అంత ధీమాగా నేను అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఏ మాటా అనలేదు.

తొమ్మిది నెలల్లో ఆట తయారైంది. తయారు చేయడమే కష్టం, స్టోర్లో పెట్టడం బీరువాలో చీర మడత పెట్టినంత తేలిక అనుకున్నాను. స్టోరంటే ఫోన్లో యాప్‌లు దొరికే చోటేనండి. మీరు రోజూ వెళ్ళే చోటే. మీరు ముందు గుమ్మంలోంచి వెళ్తారు కాబట్టి మీకు అక్కడంతా వెలుగే. నాలాంటివాళ్ళం సరుకు నెత్తిన పెట్టుకుని వెనక గుమ్మం దగ్గర నిలబడతాం. అక్కడ మనిషి ఉండడు. ఫోన్ నంబరు ఉండదు. ఉత్తరాలు మాత్రం వస్తుంటాయి.

మొదటి ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. నా యాప్ వాళ్ళ నియమాలకు అనుగుణంగా లేదట, సరిచూసుకుని మళ్ళీ పంపాలట. ఏ నియమం? చెప్పరు. నియమాలు చదివితే నలభై పేజీలున్నాయి. నాలుగు రోజులు చదివి కనిపెట్టాను, ఆడేవాళ్ళ వ్యక్తిగత వివరాలను ఏం చేస్తామో ఒక పేజీలో రాసి పెట్టాలని. నా ఆటకు ఎవరి వివరాలూ అక్కర్లేదు. అదే ముక్క ఒక్క వాక్యంలో రాసి పంపాను. తిరిగొచ్చింది. అదే ముక్కను అర పేజీ చేసి పంపాను. తిరిగొచ్చింది. చివరికి నాకేమీ అక్కర్లేదని నాలుగు పేజీలు రాస్తే ఒప్పుకున్నారు. ఒక నెల దానికే పోయింది.

తర్వాత ఒక ప్రశ్నల పత్రం ఇచ్చారు. ఏ వయసువాళ్ళు ఆడొచ్చో దాన్నిబట్టి నిర్ణయిస్తారట. మీ ఆటలో హింస ఉందా అన్నది మొదటి ప్రశ్న. లేదని పెట్టబోతుంటే వెనక నుంచి మా అమ్మ గొంతు వినిపించింది.

“లేదంటావేంటి? మోచేత్తో పొడుచుకుంటారుగా తలుపు దగ్గర.”

“అది సరదాకమ్మా.”

“పొడిపించుకున్నవాణ్ణి అడుగు సరదానో కాదో. ఉందని పెట్టు. అబద్ధం రాసిన కాయితం ఈ ఇంట్లోంచి బయటికి వెళ్ళకూడదు.”

అసభ్యమైన మాటలున్నాయా అని అడిగారు. ఆటలో ఒక ఆవిడ ‘కళ్ళు కనపడవా నీకు’ అంటుంది కాబట్టి ఉన్నాయని పెట్టించింది. జూదం ఉందా అని అడిగారు. సీటు దొరుకుతుందో లేదో తెలియకుండా కర్చీఫు వదులుకోవడం జూదం కాక మరేంటని అదీ పెట్టించింది. మనుషులను భయపెట్టే దృశ్యాలు ఉన్నాయా అంటే టికెట్ కలెక్టరు ఉన్నాడు కదా అని తనే గుర్తుచేసింది. నేను మంచి కొడుకులా అన్నిటికీ అవుననే నొక్కాను.

అప్పుడు మూడో గుమ్మం వచ్చింది. కొత్తవాళ్ళు ఆటను నేరుగా లోకం మీద వదలడానికి లేదు. ముందు ఇరవై మంది దాన్ని తమ ఫోన్లలో పెట్టుకుని పద్నాలుగు రోజులు ఉంచుకోవాలి. మధ్యలో ఒక్కరు తీసేసినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇరవై మందిని ఎక్కడ తేవాలి? మా చర్చి క్వయర్‌లో పదిహేడు మంది ఉన్నారు. పాస్టరు గారు, అంటే మా అయ్యగారు, పద్దెనిమిది. మా అమ్మ, పెద్దమ్మలతో ఇరవై. పెద్దవాళ్ళతో మొదలుపెట్టడం మర్యాద కదా అని లింకు ముందుగా అయ్యగారికే పంపాను. పావుగంటలో ఆయన దగ్గర నుంచి ఫోనొచ్చింది.

“వందనాలు బాబూ. నువ్వు పంపింది చూశానండీ.” మా అయ్యగారు నన్ను అండీ అన్నారంటే ఏదో తేడా వచ్చిందని అర్థం. “పేరు పక్కన పెద్దలకు మాత్రమే అని ఉంది. మరి క్వయర్‌లో ఆడపిల్లలున్నారు కదా.”

మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. సాక్షాత్తూ తను పెట్టించిన జవాబుల ఫలితం అదని చెబితే నమ్మదు. నేను గదిలో కూర్చుని ఏం బొమ్మలు గీస్తున్నానో ఏడాదిగా ఎవరూ చూడలేదని తనకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. ఆ జవాబులు మార్పించుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ స్త్రీల సమాజం వాళ్ళు నన్ను చూసి పైట సర్దుకున్నారు.

మొత్తానికి ఇరవై మంది పెట్టుకున్నారు. నేను గోడ మీద రోజుకో గీత గీశాను. పన్నెండు గీతలయ్యాయి. పదమూడో రోజు పొద్దున చూస్తే స్టోరులో పంతొమ్మిది అని కనిపించింది. ఎవరు తీశారో చెప్పదు. క్వయర్‌లో ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అందరూ ప్రమాణపూర్వకంగా తీయలేదన్నారు. పెద్దమ్మ ఫోన్ ఎత్తలేదు. రేపల్లె బండెక్కాను.

“పెద్దమ్మా, నీ ఫోన్లో నా ఆట ఏదీ?”

“తీసేశానయ్యా. మీ అన్న కొడుకు బాప్తిస్మం వీడియో పంపితే ఫోన్లో పట్టలా. నీ ఆట తీశాక పట్టింది.”

“ఇంకో రెండు రోజులు ఉంచితే అయిపోయేది కదే.”

“ఆట ఎక్కడికి పోయిద్ది నాయనా? మళ్ళీ పెట్టుకుంటే వచ్చిద్ది. బండి దిగి ఎప్పుడనగా వచ్చావో ఏంటో, ముందు అన్నం తిను.”

తిన్నాను. ఏడుస్తూ రొయ్యల ఇగురు రెండుసార్లు వడ్డించుకున్న మనిషిని మా పెద్దమ్మ అదే మొదటిసారి చూడటం. గోడ మీద గీతలన్నీ చెరిపేసి మళ్ళీ ఒకటి గీశాను. నిజం చెప్పొద్దూ, అప్పుడే మానేసి ఉంటే ఎంతో గౌరవంగా ఉండేది. నాకు ఆ సాయంత్రం బతుకు మీదే విరక్తి పుట్టింది. అయినా కాలేజీ తెరవడానికి ఇంకా నెల ఉంది కదా అని పళ్ళు బిగించాను. ఈసారి పద్నాలుగు రోజులూ రోజూ పొద్దున పెద్దమ్మకు ఫోన్ చేసి ఆరోగ్యం కంటే ముందు ఆట సంగతి అడిగాను.

కాలేజీ తెరిచే సోమవారానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, ‘సీటు నాది’ స్టోరులోకి వచ్చింది. నా ఫోన్లో నేనే వెతికి నేనే చూసుకున్నాను. కర్చీఫు బొమ్మ, పక్కన నా పేరు. ఆ ఆనందం గురించి ఎక్కువ చెప్పను, అది ఒక్క పూటే ఉంది. అమ్మ మాట మీద నిలబడే మనిషి. అప్పటికప్పుడు తెల్లకాయితం తీసి, మార్జిన్ గీసి, గుండ్రటి అక్షరాలతో నా తరఫున రాజీనామా రాసింది. సోమవారం తనే బాపట్ల తీసుకెళ్తానని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

సాయంత్రానికి ఆటను ముగ్గురు దించుకున్నారు. ఒకణ్ణి నేను. రెండోది అమ్మ. మూడో మనిషి ఎవరో తెలియదు, ఆడి చూసి రెండు ముక్కలు కూడా రాశాడు. ఆట బాగుందట, తువ్వాలు ఊచలకు మరీ ఎక్కువ చిక్కుకుంటోందట. ఐదింటికి మూడు చుక్కలు, అంటే స్టార్లు, ఇచ్చాడు. నేను పొంగిపోయాను. ముక్కూమొహం తెలియని మనిషి నా తువ్వాలు గురించి ఆలోచించాడు. అమ్మకు మాత్రం ఆ మూడు చుక్కలు కంట్లో నలుసులా అయ్యాయి.

“ఐదుకి మూడంటే వందకి అరవై,” అంది. “నా కొడుక్కి అరవయ్యేంటి?”

“మంచి మార్కులేనమ్మా. ఇంకా జనం వస్తే పెరుగుతాయి.”

“జనం రావాలంటే ఏం చేయాలి?”

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ పాటికి ఈ కథ వేరుగా చెప్పేవాణ్ణి. చుక్కలు ఎక్కువుంటే స్టోరు తనే పదిమందికీ చూపిస్తుందని, మంచి మాటలు రాస్తే ఇంకా మంచిదని నేనే చెప్పాను. అమ్మ తలాడించి వెళ్ళి పడుకుంది. ఆ తలాడింపు ఎలాంటిదో స్కూల్లో చదివిన రోజుల నుంచి నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

మర్నాడు ఆదివారం ఆరాధనలో, ఆశీర్వాదానికి ముందు ప్రకటనలు చదివే వేళకు అమ్మ లేచి నిలబడింది. ఎవరింట్లో పెళ్ళో, ఎవరికి కంటి ఆపరేషనో చెప్పుకునే సమయం అది. మా అబ్బాయి ఏడాది కష్టపడి ఒక ఆట చేశాడు, మీరంతా ఫోన్లలో పెట్టుకుని ఐదు చుక్కలు ఇవ్వాలి అంది. చర్చి మొత్తం ఫోన్లు తీసింది. ఆ పాత రాతిగోడల మధ్య సిగ్నలు అందదు. ఆరాధన ఫోన్లలో చూపించడానికి ఆ మధ్యే వై-ఫై పెట్టించారు. అయ్యగారు దాని పాస్‌వర్డ్ మైకులో చెప్పారు.

క్వయర్ మాస్టారు దేవదానం గారు లేచి, చేతులు కట్టుకుని అడిగారు. “టీచరు గారూ, చుక్కలు పెట్టామండి. కింద ఏదో రాయమంటుందండి. ఏం రాయమంటారు?”

ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. అయినా అమ్మ ముందు ఐదో తరగతే. అమ్మ గొంతు సవరించుకుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ గొంతు అలా సవరించుకుంటే తెనాలిలో ఏం జరుగుతుందో అదే జరిగింది. అందరూ నిటారుగా కూర్చున్నారు.

“రాసుకోండి,” అంది. “సీటు నాది అను ఈ ఆట మిక్కిలి రమ్యముగా నున్నది. చుక్క పెట్టండి. పిన్నలు పెద్దలు అందరును ఆడదగినది. చుక్క. ఇందలి బొమ్మలు కన్నుల పండువుగా నున్నవి. చుక్క. మిక్కిలిలో కకు వత్తు పెట్టారా అందరూ?”

పెట్టామన్నారు. తెలుగు అక్షరాలు ఫోన్లో కొట్టడం రానివాళ్ళు వెనక వరసల్లో గోల పెట్టారు. జీవితంలో ఏనాడూ పక్కవాడిది చూసి రాయనివ్వని మా అమ్మ, ఆ రోజు కొడుకు కోసం ఆ ఒక్క నియమమూ తప్పింది. ముందు రాసినవాళ్ళు చర్చి గ్రూపులో పెట్టండి, మిగతావాళ్ళు అది తీసి అతికించుకోండి అంది. ఎవరో ముందు ఆట ఆడి చూద్దామా అని అడిగితే, ఆట ఇంటికెళ్ళి ఆడుకుందురుగాని ముందు పని కానివ్వమంది.

మరి నువ్వేం చేస్తున్నావురా అని మీరు అడుగుతారు. నలభై పేజీలు చదివినవాణ్ణి. జనాన్ని పోగుచేసి చుక్కలు పెట్టించుకోకూడదన్న నియమం పదకొండో పేజీలో ఉంది. నేను అడ్డుపడలేదు సరికదా, వరస వరసకూ తిరిగి పెద్దవాళ్ళ ఫోన్లలో వేలు పట్టుకుని ఐదో చుక్క నొక్కించాను. ఒక ముసలావిడ నాలుగు దగ్గర ఆగిపోతే వంగి మరీ ఇంకోటి పెట్టించాను. ఇరవై నిమిషాల్లో అమ్మతో కలిపి నూట నలభై మూడు మంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను గాల్లో తేలుతున్నాను.

సోమవారం పొద్దున అమ్మ బాపట్ల వెళ్ళడానికి ఇస్త్రీ చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని చెప్పులు వేసుకుంటుండగా ఉత్తరం వచ్చింది. ఒకే చోటు నుంచి, ఒకే సమయంలో, అక్షరం తేడా లేకుండా నూట నలభై మూడు అభిప్రాయాలు వచ్చాయట. ఇవన్నీ కృత్రిమంగా పుట్టించినవని వాళ్ళ యంత్రం పసిగట్టిందట. ఆటను తొలగించారు. నా ఖాతాను మూసేశారు. ఏదైనా చెప్పుకోవాలంటే వారంలోగా చెప్పుకోవచ్చు.

“కృత్రిమమా?” అంది అమ్మ. “అంటే మనుషులు కారనా? దేవదానం గారు మనిషి కాదా?”

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. నేను మెట్ల మీద కూలబడ్డాను. అన్నం సయించలేదు, నీళ్ళు సయించలేదు. ఆ మూడు చుక్కల మనిషి రాసింది కూడా ఆటతో పాటే పోయింది. వెయ్యి అక్షరాలు పట్టే గడిలో నా గోడు రాసుకున్నాను. వీళ్ళంతా నిజమైన మనుషులేనని, మా అమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళని, ఆవిడ చెప్తే రాశారని. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది, నిర్ణయంలో మార్పు లేదని. అంత గోడు రెండు నిమిషాల్లో ఎవరు చదువుతారు చెప్పండి. అది కూడా యంత్రమే.

బుధవారం ఉదయం అమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. తప్పు తనదేనంది. ఆవిడ నోట ఆ మాట నేను పుట్టాక వినలేదు. తనే సరిచేస్తానంది. ఆ సాయంత్రం ప్రార్థన కూటంలో ఆ నూట నలభై రెండు మందినీ మళ్ళీ పోగుచేసి, తలా ఒక కాయితం ఇచ్చింది. నూట నలభై మూడోది తను ఉంచుకుంది.

“ఇవాళ నేను చెప్పను,” అంది. “ఎవరి మాటల్లో వాళ్ళు రాయండి. పక్కకి చూడొద్దు. జరిగింది జరిగినట్టు, ఉన్నది ఉన్నట్టు రాయండి.”

అందరూ తలలు వంచి రాశారు. దేవదానం గారు కాయితం రెండోవైపు కూడా తిప్పారు. నేను గుమ్మం దగ్గర నిలబడి కాయితాలు లెక్కపెట్టుకున్నాను. నూట నలభై మూడు చేతిరాతలు, నూట నలభై మూడు రకాల మాటలు. ఏ యంత్రం కాదంటుంది? అమ్మ వాటిని పరీక్ష పేపర్లలాగా సర్ది, దారంతో కట్టి నా చేతిలో పెట్టింది. గురువారమంతా కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఫొటో తీసి, వాటితో పాటు కన్నీళ్ళు పెట్టించే ఒక విన్నపం రాసి, మనిషి చేత చదివించమని ప్రాధేయపడి పంపాను. పంపేముందు నేను ఒక్కటీ చదవలేదు. ఫొటోలు నీడ పడకుండా వస్తున్నాయా లేదా అన్నదే చూశాను. అంతకన్నా పెద్ద వెధవ పని నేను చేయలేదు.

శనివారం జవాబొచ్చింది. ఏడాదిలో మొదటిసారి ఒక మనిషి రాసిన ఉత్తరం. నేను పంపిన లేఖలన్నిటినీ అనువాదం చేయించి పూర్తిగా చదివారట. ఆటను ఒక్కసారైనా తెరవకుండానే ఐదు చుక్కలు ఇచ్చినట్టు రాసినవారందరూ స్వయంగా ఒప్పుకున్నారట. ఇంతవరకు యంత్రం అనుమానం మాత్రమే పడిందని, దాన్ని ఇంత వివరంగా రుజువు చేసిన వ్యక్తిని తను ఇప్పటిదాకా చూడలేదని, అందుకు కృతజ్ఞతలని ఆయన రాశాడు. నా ఖాతా ఇక శాశ్వతంగా తెరుచుకోదు.

అప్పుడు దారం విప్పి చదివాను. దేవదానం గారు రాశారు, ‘నాకు కంటి ఆపరేషను అయినందున ఆట చూడలేదు. టీచరు గారు చెప్పినందున ఐదు పెట్టాను. పది ఉంటే పది పెట్టేవాణ్ణి.’ ఆ వెనక పేజీ నిండా ఆపరేషను ఎలా జరిగిందో ఉంది. నేను వంగి ఐదో చుక్క పెట్టించిన ముసలావిడ, తను నాలుగే పెట్టానని, అబ్బాయి ఇంకోటి నొక్కించాడని నిజాయితీగా రాసింది. అయ్యగారు రాశారు, ‘ఆట సంగతి నాకు తెలియదు. పిల్లవాడు మంచివాడు.’ ఒక్కరంటే ఒక్కరు అబద్ధం రాయలేదు. మా అమ్మ అంత బాగా నేర్పింది.

అడుగున ఆవిడ కాయితం ఉంది. మార్జిన్ గీసి, గుండ్రటి అక్షరాలతో. ‘ఆట నేనును ఆడలేదు. కండ్లు తిరుగును. వీరెవ్వరిదీ తప్పు లేదు, రాయించినది నేను. నేను మా అబ్బాయికి ఒక్క సంవత్సరమే గడువు ఇచ్చితిని. మీరు దయతో ఇంకొక సంవత్సరము ఇవ్వగలరు.’

ఒక్కరోజు కూడా ఎక్కువ లేదన్న మనిషి. ఏడాదంతా స్టోరువాళ్ళ ఉత్తరాలకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అమ్మకు చూపించలేదు. సోమవారం పొద్దున మారుమాట్లాడకుండా బాపట్ల బండి ఎక్కాను. అమ్మ స్టేషను దాకా వచ్చి క్యారేజీ చేతికిచ్చింది. ప్రధాన సంఖ్యలు క్షేమంగానే ఉన్నాయి, ఇప్పటికీ ఒక్కటి కూడా మారలేదు.

కాబట్టి పెద్దలందరి సమక్షంలో, ఎడమ చెయ్యి గుండె మీద వేసుకుని, కుడి చెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో నేను ఏది తయారు చేసినా, అది మంచిదైనా చెడ్డదైనా, నేనంటే ఇష్టమున్న మనిషి ఒక్కరి చేత కూడా దాన్ని బాగుందనిపించను. ఈ మాట తప్పితే నా చేత మళ్ళీ నూట నలభై మూడు ఫొటోలు తీయించండి.